రిబ్బనా, ప్లానరా

ఆ వేసవి అంతా మా ఇంట్లో ఒకటే మాట. రిబ్బనా, ప్లానరా. పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తే మా ఆయన రిబ్బను గురించి చెప్పేవాడు. మధ్యాహ్నం అన్నంలో గోంగూర కలుపుకుంటూ ప్లానరు గురించి చెప్పేవాడు. నరసరావుపేటలో మా వీధి మొత్తం మీద మిరప రేటు గురించి కాకుండా ఇంకో సంగతికి దిగులు పడిన మగమనిషి బహుశా మా ఆయన ఒక్కడే.

అవి పాటలు వినే స్పీకర్లు. అప్పటిదాకా నాకు స్పీకరంటే నల్లటి డబ్బా, అందులో గుండ్రటి అట్ట గిన్నె, అంతే. ఆయన ఫోనులో వీడియోలు చూసి చూసి నాకు కూడా పాఠం చెప్పాడు. రిబ్బనంటే మిఠాయి మీద అంటించే వెండి రేకు ఉంటుందే, అట్లాంటి పల్చటి అల్యూమినియం పట్టీ. రెండు అయస్కాంతాల మధ్య వేలాడుతూ వణుకుతుంది. అంత తేలిక కాబట్టి గజ్జెలు, తాళాలు, పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం, ఇట్లాంటి సన్నటి శబ్దాలన్నీ విడివిడిగా పలుకుతుంది. లావు శబ్దాలు దానివల్ల కావు. వాటి కోసం దాని కిందే మామూలు స్పీకరు డబ్బా ఒకటి ఉంటుంది. ప్లానరంటే తలుపు రెక్కంత పలక. పెద్ద పల్చటి పొర మీద తీగలు అంటించి, వెనక అయస్కాంతాలు బిగిస్తారు. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి గొంతు నిండుగా, మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వస్తుందట.

"రెండూ మంచియ్యే అయితే ఏదో ఒకటి తెచ్చుకోరాదా?" అన్నాను ఒకరోజు విసుగుపుట్టి.

"నీకు తెలీదే. ఇయ్యి జీవితంలో ఒక్కసారే కొంటాం," అన్నాడు.

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా ఈ మనిషి ఇంత ఆలోచించలేదు. నన్ను చూడ్డానికొచ్చి, కాఫీ తాగి, సరేనని లేచి వెళ్ళిపోయాడు. ఎంతకు కొన్నామో మాత్రం ఇక్కడ రాయను. రాస్తే నాకే మళ్ళీ కోపం వస్తుంది.

మా ఆయన పత్తి మిల్లులో పనిచేశాడు. ఊరి బయట, పత్తిలోంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు. ఫిట్టరుగా చేరి, సూపర్వైజరుగా దిగిపోయాడు. సీజను మొదలైతే ఆ మిషన్లు రాత్రీ పగలూ ఆగవు. పక్కన నిలబడిన మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. సీజనులో ఇంటికొచ్చి మామూలుగా "మంచినీళ్ళు" అన్నా మా అత్త ఉలిక్కిపడేది. సీజను అయిపోయిన వారానికి గొంతు మళ్ళీ తగ్గేది. పెళ్ళయిన కొత్తల్లో నేను ఆ తగ్గిన గొంతు కోసం ఎదురుచూసేదాన్ని. ఆ గొంతుతోనే ఆయన పాటలు పాడేవాడు, పెద్దగా రావు గానీ పాడేవాడు.

ఏ మిషనులో బేరింగు పోబోతోందో దూరంగా నిలబడి విని చెప్పేవాడట. అదే చెవితో ఇంటికొచ్చి పాత సినిమా పాటలు వినేవాడు. ఒక టేప్ రికార్డరు ఉండేది, దానికి ప్లైవుడ్డుతో స్పీకరు పెట్టెలు తనే చేసుకున్నాడు. పాట వింటున్నప్పుడు మాట్లాడిస్తే ఊరుకునేవాడు కాదు. "ఆగు, ఇప్పుడు వయొలిన్లు వస్తయ్యి," అని చెయ్యెత్తేవాడు. వచ్చేవి. రిటైరయ్యాక మంచి స్పీకర్లు కొని, మిల్లు చప్పుడు లేని ఇంట్లో కూర్చుని ఆ పాటలన్నీ మొదట్నుంచి వినాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. పొలం కొనాలనో, కాశీకి పోవాలనో ఎప్పుడూ అనలేదు.

చుట్టూ పత్తి గుట్టలు పెట్టుకుని, చెవిలో ఇంత దూది పెట్టుకోవాలని తోచని మనుషులు వాళ్ళు. ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంగతి నాకు ఆ వేసవికి ముందటి వానాకాలమే తెలిసింది. సాయంత్రం కరెంటు పోతే ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ముందురోజు వాన పడింది. కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నాయి. ఆయన గాలి పీల్చుకుని, "చూశావా, ఒక్క కీచురాయి లేదు. మిరపతోటలకు మందులు కొట్టీ కొట్టీ వాటిని కూడా లేకుండా చేశారు," అన్నాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎగతాళి కాదు. పక్కింటి మెకానిక్, బండి కడుక్కుంటున్నవాడు, ఆ హోరులోనే నిలబడి, "నిజమే బాబాయ్, అన్నీ మందులే," అన్నాడు. మా వైపు పురుగుమందుల మాట ఎత్తితే ఎవరైనా ఒప్పుకుంటారు, దానికి చెవులతో పని లేదు.

"అవునయ్యా," అన్నాను నేను కూడా.

ఆ తర్వాత గమనిస్తూ వచ్చాను. వాషింగ్ మెషిన్ పని అయిపోయిందని కూస్తే లేచేవాడు కాదు. పెరట్లో పిచ్చుకలు అరుస్తుంటే తలెత్తేవాడు కాదు. మాటలు వినపడేవి, అరిస్తే ఇంకా బాగా వినపడేవి. కుక్కర్ విజిల్ వినపడేది. పైనుండే సన్నటి శబ్దాలు మాత్రం ఆయన ప్రపంచంలోంచి ఒక్కొక్కటే జారిపోయాయి. మెల్లగా పోయాయి కాబట్టి పోయినట్టు ఆయనకు తెలియలేదు. మంచి శబ్దం రావట్లేదని పాత స్పీకర్లను తిట్టుకునేవాడు. కొత్తవి కొంటే అన్నీ తిరిగి వస్తాయనుకున్నాడు.

నేను చెప్పలేదు. చెప్పాల్సిందని కొందరంటారు, అననివ్వండి. ఏళ్ళ తరబడి చెవితో బతికిన మనిషికి నీ చెవి పోయిందని ఏ నోటితో చెప్పను? అందుకని ఒకటే నిర్ణయించుకున్నాను. ఆయనతో ప్లానరే కొనిపించాలి. పలక పలికేది నిండు గొంతు, అది ఆయనకు వినపడుతుంది. రిబ్బను గొప్పంతా సన్నటి శబ్దాల్లో ఉంది. దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, ఏమీ వినపడకపోతే? ఆ రోజు ఆయన మొహం నేను చూడలేను.

అప్పట్నుంచి నేను ప్లానరు పార్టీ. ఎదురుగా లేని స్పీకర్ల తరఫున అంత వాదించిన ఆడమనిషి పల్నాడులో ఇంకొకతె ఉండదు. ఆయన అనుమానంగా చూసేవాడు. "అయ్యి గోడకు మూడడుగుల దూరంగా పెట్టాలంట. మన హాలు ఎంత? అయ్యి హాల్లో ఉంటే మనం వీధిలో కూర్చోవాల," అనేవాడు. "వీధిలోనే కూర్చుందాం, గాలొస్తది," అనేదాన్ని.

చివరకు రెండూ విని తేల్చుకుందామని విజయవాడ పోయాం. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, చిన్నపిల్లలు తిరణాలకు పోతున్నట్టు సంబరపడిపోతున్నాడు. నేనేమో ప్లానరు గొప్పలన్నీ లోపల్లోపల అప్పజెప్పుకుంటున్నాను. గుంటూరు దాటాక "ఏమే, అట్టా ఉన్నావేంది?" అని అడిగితే ఎండ అన్నాను.

షాపు ఒక పెద్ద బిల్డింగు కింది అంతస్తులో ఉంది. మందపాటి కర్టెన్లు, ఏసీ, మెత్తటి సోఫా, ఆ సోఫాకు ఎదురుగా రెండు రకాల స్పీకర్లు. షాపాయన మర్యాదస్తుడు. హాలు ఎంత ఉంటుంది, కిటికీలు ఎన్ని, కింద ఏం పరిచారని అన్నీ అడిగాడు.

"మాచర్ల నాపరాళ్ళు," అన్నాడు మా ఆయన.

"అయితే కార్పెట్ వెయ్యాలండీ. బండ మీద శబ్దం పడి ఎగురుతుంది."

"బాబూ, మా ఊరి ఎండల్లో కార్పెట్టా?" అన్నాను. "వేసవికాలం మేం ఆ బండ మీదే బతుకుతాం. ఆ చల్లదనం కప్పేసి పాటలు వినమంటే నా వల్ల కాదు." షాపాయన నవ్వి ఇంక కార్పెట్టు మాట ఎత్తలేదు.

ముందు పలకలు వినిపించాడు. మంచి గొంతు, గది అంతా నిండింది. మా ఆయన తల ఊపుతూ విన్నాడు. తర్వాత రిబ్బను స్పీకర్లు పెట్టాడు. పాట అదే. పాట రెండో చరణంలోకి వచ్చేసరికి నేను సోఫాలో ముందుకు జరిగాను. ఆ పాట చిన్నప్పట్నుంచి వింటున్నాను, అందులో అన్ని ఉన్నాయని నాకు తెలియదు. పాడే ఆవిడ పెదవులు విప్పడం వినపడింది. వెనక ఎవరో చిన్న తాళాలు వేస్తున్నారు, ఆ మోత చివరిదాకా సన్నబడుతూ పోవడం వినపడింది. పక్కకు తిరిగి చూస్తే ఆయన ఇందాకటిలాగే తల ఊపుతున్నాడు.

"ఎట్టుంది?" అన్నాడు.

"రెండూ ఒకటేలాగ ఉన్నయ్యి," అన్నాను.

ఆయన నేల వైపు చూసి, "నువ్వు కింద కూర్చో," అన్నాడు.

"ఏందీ?"

"ఇంట్లో కిందే గదా కూర్చునేది. సోఫాలో కూర్చుని వింటే ఏం లాభం?"

నిజమే. నేను చీరలకు ఫాల్ కుడతాను, జాకెట్లకు హుక్కులు కుడతాను. సాయంత్రాలు హాల్లో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని బండ మీద కూర్చోవడమే నాకు అలవాటు. మా ఇంట్లో సోఫా ఉతికిన బట్టలు పెట్టుకోవడానికి ఉంది. షాపాయన "పర్లేదు మేడం, పర్లేదు," అంటుండగానే నేను ఆ షాపులో కింద కూర్చుని కాళ్ళు చాపాను. మళ్ళీ రిబ్బను పెట్టించాడు. గొంతు వచ్చింది, మృదంగం వచ్చింది. తాళాలు లేవు. పెదవులు విప్పిన చప్పుడు లేదు. అవన్నీ నా తల మీదుగా పోతున్నాయి.

షాపాయన చెప్పాడు. రిబ్బను శబ్దం పక్కలకు బాగా పరుచుకుంటుందట, కిందకీ పైకీ పోదట. చెవి దాని ఎత్తులో ఉండాలట. పలకలైతే నేల నుంచీ లేస్తాయి కాబట్టి కింద కూర్చున్నా బాధ లేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకన్నా మంచి సాకు దేవుడు కూడా ఇవ్వలేడు. "చూశావా, నాకు రిబ్బను పనికిరాదు. పలకలే తీసుకుందాం," అన్నాను.

"అంతేనంటావా," అన్నాడు ఆయన. దాదాపు ఒప్పుకున్నాడు. ఇంకో నిమిషం ఆగితే నేను గెలిచి ఉండేదాన్ని.

షాపాయన మంచి వ్యాపారి. "ఒక్కసారి రిబ్బను ఒక్కటే వినిపిస్తానండీ. అసలు దాని పని ఏంటో తెలుస్తుంది," అని, కింది డబ్బాల వైర్లు తీసేశాడు. నన్ను మళ్ళీ సోఫాలో కూర్చోమన్నాడు. కూర్చోకుండా ఉండటానికి నాకు కారణం దొరకలేదు.

పాట మొదలైంది. అందులో గొంతు లేదు, వాద్యాల బరువు లేదు. పైపైన ఉండే మెరుపులు మాత్రమే ఉన్నాయి. తాళాల చివర్లు, తీగ మీద గోరు తగిలిన చప్పుడు, గజ్జెలు, ఊపిరి. గదిలో గాలి చిటపటలాడుతోంది. నేను ఆయన వైపు చూశాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మర్యాదగా, ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

కొంచెంసేపు ఆగి, "పెట్టండి బాబూ," అన్నాడు.

షాపాయన నా వైపు చూశాడు. మా ఆయన షాపాయనను చూశాడు. ఆంప్లిఫయరు మీద పైకీ కిందకీ ఎగురుతున్న దీపాలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా మొహంలో ఏదీ దాగదు, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

"వస్తందా?" అని అడిగాడు.

"వస్తంది," అన్నాను.

"బాగుందా?"

ఇంక అబద్ధం చెప్పడం నా చేత కాలేదు. "చానా బాగుంది," అన్నాను.

ఆయన తల ఊపాడు. షాపాయన పాట ఆపి, టీ తెస్తానని బయటకు పోయాడు. ఆ మర్యాదకు ఆయన్ని నేను ఎప్పటికీ మర్చిపోను. మేమిద్దరం ఆ చల్లటి గదిలో కూర్చున్నాం. ఆయన తన చెవి దగ్గర వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. మళ్ళీ రుద్దుకున్నాడు. తర్వాత చెయ్యి దించేశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"నీకు తెలుసులే."

ఆయన కర్టెన్ల వైపు తిరిగాడు. తర్వాత, "కీచురాళ్ళు ఉన్నయ్యా?" అన్నాడు.

"ఉన్నయ్యి."

"పాపం, అనవసరంగా రైతుల్ని తిట్టా," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు లేవు, కానీ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన కాపురంలో నలుగురు తిరిగే చోట మా ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"పలకలే తీసుకుందాం," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "ఇద్దరికీ ఇనపడేదే ఇంట్లో ఉండాల."

"రిబ్బనే," అన్నాడు.

"నీకు ఇనపడందాన్ని తెచ్చిపెట్టుకుని ఏం చేస్తావయ్యా? పూజ చేస్తావా?"

"నాకు చెవి పోతే ఇంటికి కూడా పోవాలా?" అన్నాడు. గట్టిగా అనలేదు. సీజను అయిపోయాక వచ్చే ఆ గొంతు, ఎన్నేళ్ళకో మళ్ళీ విన్నాను. "ఆ చప్పుళ్ళు మనింట్లో ఉండాలే. నువ్వున్నావుగా ఇనడానికి."

గొడవలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఓడిపోయాను. షాపాయన టీ గ్లాసులతో వచ్చి, నా కళ్ళు చూసి, ధర చూసి ఏడుస్తున్నాననుకున్నట్టున్నాడు, తగ్గిస్తానన్నాడు. తగ్గించాడు కూడా.

ఆ తర్వాతి వారం చెవుల డాక్టరు దగ్గరకు పోయాం. పోయినవి తిరిగి రావని, ఉన్నవాటిని కాపాడుకోవాలని చెప్పి, చెవిలో పెట్టుకునే మిషను రాశాడు. మాటలకు అది బాగానే పనిచేస్తుంది, ఇప్పుడు నేను గొణుక్కున్నా దొరికిపోతున్నాను. పాటలకు మాత్రం దాన్ని తీసేస్తాడు. అది పెట్టుకుంటే పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందట. తన చెవులకు ఎంత వినపడితే అంతే చాలంటాడు.

స్పీకర్లు ఇంటికొచ్చిన రోజు ఆయన కొలిచే టేపు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని హుక్కులు కుట్టుకుంటున్నాను. "కదలమాకు," అని, నేల నుంచి నా చెవి ఎత్తు కొలిచాడు. తల వంచి కుట్టేటప్పుడు ఒకసారి, తలెత్తినప్పుడు ఒకసారి కొలిచాడు. పక్కింటి మెకానిక్ దగ్గర ఇనుప ముక్కలు వెల్డింగు చేయించి పొట్టి స్టాండ్లు చేశాడు. వెనక్కి కొంచెం వాల్చి, రిబ్బను సరిగ్గా నా చెవి వైపు చూసేట్టు పెట్టాడు. వచ్చినవాళ్ళు సోఫాలో కూర్చుంటే వాళ్ళకు ఆ స్పీకర్లలో ఏ గొప్పా కనపడదు. కింద, నేను కూర్చునే చోట కూర్చుంటేనే తాళాలు మోగుతాయి. ఊరంతటికీ కాకుండా ఒక్క మనిషికి వినపడేట్టు పెట్టిన స్పీకర్లు అవి. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, గుండె బరువుగానూ ఉంటుంది.

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం కిందే కూర్చుంటున్నాం. మోకాళ్ళ నొప్పులని మూలుగుతూనే నా పక్కన చేరి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటాడు. ఆయనకు గొంతు వినపడుతుంది, మృదంగం వినపడుతుంది. పైన సన్నటిది ఏదైనా పలికితే నేను మోచేత్తో ఆయన పక్కలో పొడుస్తాను. ఇట్లా చెయ్యాలని ఎవరం అనుకోలేదు. మొదటిరోజు ఒక పాటలో గజ్జెలు వినపడితే ఆనందం పట్టలేక పొడిచాను. ఆయన కళ్ళు తెరవకుండా, "గజ్జెలా?" అన్నాడు. అప్పట్నుంచి అదే అలవాటైంది. మెల్లగా పొడిస్తే తాళాలు, గట్టిగా పొడిస్తే గజ్జెలు. ఒక్కోసారి కోపం ఏదైనా ఉంటే అది కూడా ఆ పోట్లలోనే కలిపేస్తాను.

మొన్న ఒకరోజు పాత పాట ఒకటి పెట్టాడు. చాలా ఏళ్ళుగా మా ఇంట్లో మోగని పాట. నాకు ఎర్ర జాకెట్టు ఒకటి అర్జెంటుగా కుట్టివ్వాల్సి ఉంది. దారం తెగింది. సూదిలోకి మళ్ళీ ఎక్కించుకోవడానికి కళ్ళు చిట్లించి, పెదవితో తడిచేసి, తిప్పలు పడుతున్నాను. పాట మీద నా ధ్యాస లేదు.

"ఏమే," అన్నాడు ఆయన, కళ్ళు మూసుకునే. "ఇక్కడ చిన్న గంట ఉండాల. నువ్వు పొడవలా."

"లేదయ్యా, ఏం రాలేదు," అన్నాను.

"ఉంటది. రెండో చరణం ఎత్తుకునే ముందు. ఒక్కసారే మోగుద్ది."

సూది పక్కన పెట్టి, పాటను వెనక్కి జరిపాను. పల్లవి అయిపోయింది, వయొలిన్లు ఆగిపోయాయి, చిన్న ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో, సరిగ్గా ఆయన చెప్పిన చోట, ఒక్కసారి గంట మోగింది. నేను మోచేత్తో పొడిచాను. అప్పటికే ఆయన తల ఊపుతున్నాడు.